ఇంజన్ కవర్‌కి ‘600 డిగ్రీల’ స్ప్రే కొంటున్నారా? ఆర్డర్ పెట్టకముందే ఇది చదవండి

కారు ఇంజన్ కవర్‌కి ఇంట్లోనే రంగు వేద్దామని ఆన్‌లైన్‌లో ‘600 డిగ్రీల హీట్‌ప్రూఫ్’ స్ప్రే డబ్బాలు చూస్తున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. నేను ఆగలేదు. డబ్బా ఖరీదు 549 రూపాయలు. నెల రోజులు పోట్లాడితే ఆ 549 వెనక్కి వచ్చింది గానీ, ఈ ముచ్చటకి నాకు ఇంకో రెండు వేల పైనే వదిలింది. పక్కింటి పిన్నిగారి దగ్గర పోయిన పరువు దీనికి అదనం.

మాది పదకొండేళ్ళ డీజిల్ కారు. బానెట్ ఎత్తగానే పైన నల్ల ప్లాస్టిక్ మూత ఒకటి కనిపిస్తుంది కదా, నేను చెప్పేది దాని గురించే. అది లేకపోయినా బండి నడుస్తుంది. చప్పుడు కాస్త తగ్గడానికీ, చూపుకీ పెడతారు. మాది వేడికీ, నూనె మరకలకీ వెలిసిపోయి బూడిద రంగులోకి తిరిగింది. అదే సమయంలో మా బామ్మర్ది కొత్త కారు కొని, కనపడిన వాళ్ళందరికీ బానెట్ ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. ఇక నాకూ బుద్ధి పుట్టింది, మన బండికి ఎర్ర కవర్ ఉంటే ఎలా ఉంటుందా అని.

అమ్మకం పేజీలో ‘ఇంజన్, సైలెన్సర్, ప్లాస్టిక్, అన్నిటికీ’ అని రాసి ఉంది. రేటింగ్ నాలుగు చుక్కల పైనే. అయినా అనుమానం కొద్దీ అడిగాను, ప్లాస్టిక్ ఇంజన్ కవర్‌కి పనికొస్తుందా అని. పది నిమిషాల్లో జవాబు: “100 శాతం పనికొస్తుంది సార్, ప్రైమర్ కూడా అక్కర్లేదు.” (ప్రైమర్ అంటే రంగు పట్టడానికి దాని కింద ముందుగా వేసే పూత.) అంత త్వరగా జవాబు ఇచ్చే అమ్మకందారుని చూసి ముచ్చటేసింది. (ఆ జవాబుకి అప్పుడే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.)

డబ్బా వచ్చింది. 400 మి.లీ. ముందువైపు మంట బొమ్మ, పెద్ద అక్షరాలతో 600 డిగ్రీలు. వెనక అమ్మకందారు అంటించిన తెల్ల స్టిక్కర్, దాని మీద ధర, ఏదో బార్‌కోడ్. స్టిక్కర్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కవర్ ఊడదీయడం తేలికే. నాలుగు మూలలా రబ్బరు బుష్షుల మీద కూర్చుని ఉంటుంది. ఇంజన్ చల్లారాక ఒక్కో మూలా పట్టుకుని నిటారుగా పైకి లాగితే వస్తుంది. పాత బండ్లలో ఆ బుష్షులు ఎండిపోయి ఇంజన్ సందుల్లో పడిపోతుంటాయి, చూసుకోండి. సబ్బుతో కడిగాను. 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) తడిపి రుద్దాను, తర్వాత 800. థిన్నర్ గుడ్డతో తుడిచాను. చాలామంది ఇక్కడ కిరోసిన్ వాడతారు. వాడకండి, ఆరిపోయినట్టు కనిపించినా పైన జిడ్డు పొర ఉండిపోతుంది, రంగు పట్టదు. ఇక ఈ కవర్లలో కొన్నిట్లో గాజు పీచు కలిపిన నైలాన్ ఉంటుంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము రెండు రోజులు చేతులు దురద పెట్టిస్తుంది.

అపార్ట్‌మెంట్ మేడ మీద పాత పేపర్లు పరిచి మూడు కోట్లు కొట్టాను. అంతా అయ్యాక తల ఎత్తితే, గాలివాటుగా పది అడుగుల దూరంలో పిన్నిగారి గుమ్మడి వడియాలు చీర మీద ఎండుతున్నాయి. ఆవిడ సాయంత్రం వచ్చి ఒక వడియం చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి చూసి, “నేను వీటిలో కారం ఇంత వెయ్యలేదే” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వడియాలు మొత్తం పారబోయించాను. స్ప్రే పొగ కంటికి కనిపించేదానికన్నా చాలా దూరం పోతుంది.

కవర్ మాత్రం అదిరిపోయింది, షోరూమ్‌లోంచి అప్పుడే వచ్చిన ట్రాక్టర్ బానెట్‌లాగా. ఫోటోలు తీసి బామ్మర్దికి పంపించాను కూడా.

మర్నాడు వేలు పెడితే ముద్ర పడింది. మార్చి నెల, బెజవాడ ఎండ. రాళ్ళు పగిలే ఎండకి పెయింట్ ఆరదా అనుకుని ఇంకో రెండు రోజులు మేడ మీదే ఉంచాను. పైకి ఆరినట్టు అయింది గానీ గోరు నొక్కితే చంద్రవంకలా దిగిపోతోంది. అమ్మకందారుని అడిగితే, “ఇంజన్ వేడికి అదే గట్టిపడుతుంది సార్, బిగించెయ్యండి” అన్నాడు. బిగించాను.

ఆ వారం గుంటూరు ప్రయాణం. ఏసీ వేసిన పావుగంటకి వెనక సీట్లోంచి మా అమ్మాయి, “నాన్నా, ఎవరో నెయిల్ పాలిష్ వేసుకుంటున్నారు” అంది. బయటి గాలి లోపలికి పీల్చుకునే దారి బానెట్ వెనకే, అద్దం కిందే ఉంటుంది. ఇంజన్ మీద ఏం ఉడికినా ఆ వాసన మన ముక్కుకే. అద్దాలు దించుకుని వెళ్ళాం. తర్వాత ఆయిల్ చూపించడానికి షెడ్డుకి వెళితే, మెకానిక్ అలవాటుగా డీజిల్ గుడ్డతో కవర్ తుడిచాడు. గుడ్డ ఎర్రబడింది, అతని చేతులూ ఎర్రబడ్డాయి. “ఏంటి సార్, ఇంజన్‌కి కుంకుమ పూజ చేయించారా?” అన్నాడు. తుడిచిన మేర నల్ల ప్లాస్టిక్ తేలింది.

ఇక్కడిదాకా తప్పు అమ్మినవాడిది. ఇక్కడి నుంచి కొంత నాది. వేడి చాలలేదు కాబట్టి వేడి పెడదాం అనుకున్నాను. ముందు ఇంట్లో హెయిర్ డ్రయ్యర్, ఏమీ కాలేదు. తర్వాత స్నేహితుడి హీట్ గన్ తెచ్చి ఒక మూల నుంచి మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో రంగు బుడగలొచ్చింది, నేను గన్ పక్కన పెట్టేలోపు ఆ మూల అప్పడంలా పైకి లేచింది. బుష్షు కూర్చునే గుంట కూడా వంకరపోయింది. ఇక ఆ మూల బిగుసుకోదు, బండి స్టార్ట్ చేస్తే టకటకా కొట్టుకుంటుంది.

ఆ రాత్రి కోపంలో డబ్బా వెనక స్టిక్కర్ గీకాను. గోటితో ఒక అంచు లేపి, తడి గుడ్డ పెట్టి నెమ్మదిగా లాగితే కింద అసలు తయారీదారు అచ్చు వేసిన అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లోహపు ఉపరితలాలకి మాత్రమే. పూసిన తర్వాత 200 డిగ్రీల దగ్గర ఒక గంట వేడి చేయాలి. ఆ కింద అసలు ధర: 350 రూపాయలు. 350ని 549 చేయడానికి అంటించాడో, ఆ రెండు ముక్కలూ కప్పడానికి అంటించాడో నాకు తెలియదు. రెండు పనులూ ఒకే స్టిక్కర్‌తో అయిపోయాయి.

అసలు కిటుకు ఆ 200 డిగ్రీల ముక్కలోనే ఉంది. ఇలాంటి రంగుల్లో ఎక్కువ భాగం సిలికోన్ రెసిన్‌తో చేసినవి. అవి గాలికి ఆరి గట్టిపడవు. బాగా వేడెక్కితేనే లోపల అల్లుకుని గట్టి పొర అవుతాయి, ఆ తర్వాతే 600కి తట్టుకుంటాయి. అంటే 600 అనేది గట్టిపడ్డాక తట్టుకునే వేడి. గట్టిపడటానికి కావలసిన వేడి వేరే అంకె. మనం అడగాల్సింది ఆ రెండోదే, డబ్బా ముందువైపు ఎవరూ రాయనిది కూడా అదే. సైలెన్సర్ పైపుకి బండి నడిస్తే ఆ వేడి దానంతటదే వస్తుంది. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు తిరిగేదే 90 డిగ్రీల చుట్టుపక్కల, పైన కూర్చున్న ప్లాస్టిక్ మూతకి 200 ఎక్కడి నుంచి వస్తుంది? పోనీ ఎలాగో తెచ్చి పెడదామంటే, కవర్ నైలాన్‌దైతే రకాన్ని బట్టి 220 దగ్గరో 260 దగ్గరో కరిగిపోతుంది, పాలీప్రొపిలీన్ అయితే 160 దాటగానే. కరగడానికి చాలా ముందే వంగుతుంది. మా కవర్ వంగింది కదా. కవర్ తిప్పి వెనక చూడండి, చిన్న అక్షరాలతో పీఏ6, పీఏ66 అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. మొదటి రెండూ నైలాన్, మూడోది పాలీప్రొపిలీన్. పీపీ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా ఏ రంగైనా పొరలు పొరలుగా లేచిపోతుంది. “ప్రైమర్ అక్కర్లేదు” అన్న మాట దగ్గరే నేను ఆగాల్సింది.

కొన్ని బండ్లకి ప్లాస్టిక్ మూత కింద అల్యూమినియం ట్యాపెట్ కవర్ (ఇంజన్ పై భాగాన్ని మూసే లోహపు మూత) ఉంటుంది, దానికి రంగు వేద్దామనుకునేవాళ్ళూ ఇదే తప్పు చేస్తారు. లోహమే కదా అని 600 డబ్బా తెస్తారు. అదీ 200 దాకా వేడెక్కదు. విప్పినదాన్ని ఓవెన్‌లో పెట్టాల్సి వస్తుంది, వంట ఓవెన్‌లో ఆ పని పొరపాటున కూడా చేయకూడదు. 90 డిగ్రీల దగ్గరే గట్టిపడే ఇంజన్ ఎనామెల్ రకాలు వేరే ఉన్నాయి, అవి అడగండి.

డబ్బుల సంగతి. వాపసు అడిగితే ‘వాడిన వస్తువు, పైగా స్ప్రే డబ్బా, తిరిగి తీసుకోం’ అన్నారు. వాడకుండా ఆరదని ఎలా తెలుస్తుందయ్యా అంటే సమాధానం లేదు. ఆ అమ్మకాల సైటు వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, రాశాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్ళు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అందినట్టు చెప్పారు, తేల్చలేదు. అప్పుడు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. స్టిక్కర్ ముందు, తర్వాత తీసిన ఫోటోలు, ‘100 శాతం పనికొస్తుంది’ స్క్రీన్‌షాట్ పెట్టాను. స్టిక్కర్ మాట ఎత్తగానే కథ మారిపోయింది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ (ప్యాక్ చేసి అమ్మే సరుకుల) నియమాల్లో ధర పెంచుతూ స్టిక్కర్ అంటించడం కుదరదని స్పష్టంగా ఉంది. తగ్గిస్తే అంటించవచ్చు, అప్పుడు కూడా అసలు ధర కనపడాలి. అది తూనికలు కొలతల శాఖ చూసే విషయం, అక్కడా ఫిర్యాదు ఇస్తానని రాశాను. నాలుగో రోజు 549 వచ్చింది. కవర్ సంగతి మాత్రం ‘మాకు సంబంధం లేదు’. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు, కానీ నాకు అంత ఓపిక లేదు. ఓపిక ఉన్నవాళ్ళు వెళ్ళండి.

అదే డబ్బా, అదే మంట బొమ్మ, మొన్న ఇంకో దుకాణం పేరుతో మళ్ళీ కనిపించింది. ‘ప్లాస్టిక్, అన్నిటికీ’ అనే ఉంది. అందుకే ఇంత రాయడం. డబ్బా చేతికొచ్చాక మూత తీయకముందే వెనక చూడండి. తయారీదారు రాసినదాని మీద ఏదైనా అంటించి ఉంటే వీడియో తీస్తూ గీకండి. గట్టిపడే వేడి ఎంతో, ఏ ఉపరితలానికో కనపడకపోతే సీలు విప్పకుండా తిప్పి పంపెయ్యండి. ఇంకో మాట, డబ్బాని ఎండలో కారులో వదలకండి. 50 డిగ్రీలు దాటకూడదని దాని మీదే ఉంటుంది, మన దగ్గర మూసిన కారు మే నెలలో అంతకన్నా ఎక్కువే కాగుతుంది.

నేను చివరికి ఆటోనగర్‌లో పాత సామాను షాపులో 1,200కి ఇంకో కవర్ తెచ్చుకున్నాను. కొత్తది 4,800 చెప్పారు. రంగు అక్కడే పెయింటర్ దగ్గర వేయించాను, ప్లాస్టిక్ ప్రైమర్ మీద పీయూ (పాలీయురెథేన్) పెయింట్, 900 తీసుకున్నాడు. పీయూ కూడా ఇంట్లో కొట్టుకోవచ్చు కదా అని అడగకండి. అందులో గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఉబ్బసం తెచ్చిపెడతాయి. మూడు నెలలైంది, డీజిల్ గుడ్డ పెట్టి రుద్దినా చెక్కుచెదరలేదు.

మిగిలిన సగం డబ్బా ఏం చేశానంటారా? మా తమ్ముడి పాత బైకు సైలెన్సర్‌కి కొట్టాను. వాడు రంగు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. ఇంజన్ దగ్గరి వంపు పైపు మీద రంగు రాయిలా గట్టిపడింది, తాళం చెవితో గీసినా గీత పడలేదు. వెనక కొసన మాత్రం ఇప్పటికీ గోరు దిగుతోంది.