రెండేళ్ల బాబుతో, ఐదేళ్ల పాపతో థీమ్ పార్కుకు: నెల్లూరు నుంచి మూడు రోజుల ప్రయాణం

మైపాడు తీరానికి వెళ్లినప్పుడల్లా మా పాప చెప్పులు విడిచి అలల్లోకి పరుగెడుతుంది. బాబు మాత్రం అల వెనక్కి మళ్లే చప్పుడు వినగానే నా కొంగు పట్టుకుని ఏడుస్తాడు. పాపకు ఐదేళ్లు నిండాయి, బాబుకు అప్పుడే రెండేళ్లు వచ్చాయి. ఇద్దరికీ నీళ్ల మీద ఉన్న అభిప్రాయం ఇంత వేరుగా ఉన్నా, ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ఎక్కిన రోజు నుంచి థీమ్ పార్కుకు తీసుకెళ్లమని పాప అడుగుతూనే ఉంది కాబట్టి, ఫిబ్రవరిలో సెలవు పెట్టుకుని, అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని చెన్నై బయలుదేరాం.

చెన్నై శివార్లలో తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో తెరిచిన వండర్లా అనే పార్కును ఎంచుకోవడానికి మొదటి కారణం దూరమే. ఇదే సంస్థ హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016 నుంచి పార్కు నడుపుతున్నది గానీ, నెల్లూరు నుంచి అక్కడికి సుమారు 450 కిలోమీటర్లు. పసిపిల్లలతో అది ఒక రాత్రంతా రైలు ప్రయాణం. తిరుప్పోరూరైతే 200 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పినాకిని రైల్లో చెన్నై సెంట్రల్ చేరడం తేలికే అయినా, అక్కడి నుంచి పార్కు నగరానికి ఆ చివర ఉన్నందున సామానుతో, పిల్లలతో మళ్లీ వాహనం వెతుక్కోవాలి. అందుకని కారులోనే వెళ్లాం. గుమ్మిడిపూండి దాటిన తరువాత నగరంలోకి పోకుండా, మింజూరు నుంచి వండలూరు దాకా 62 కిలోమీటర్ల పొడవున్న బయటి వలయ రహదారి పట్టుకుంటే ట్రాఫిక్ బాధ తప్పుతుంది. ఆ దారిలో బాబు గంటన్నర కదలకుండా నిద్రపోయాడు.

బసకు పార్కు దగ్గరలోనే హోటల్ గదికి బదులు వంటగది ఉన్న ఒక అపార్ట్‌మెంటు తీసుకున్నాం. పాలు కాచుకోవడానికి పొయ్యి, పెరుగన్నం దాచుకోవడానికి ఫ్రిజ్, మంచం మీద చోటు చాలని వారికి నేల మీద పరుచుకునేంత చోటు ఉండటం పిల్లల తల్లికి ఎంత ఊరటో అనుభవించినవారికి తెలుస్తుంది. అయితే ఆ బసలో నన్ను భయపెట్టిన విషయం కూడా ఒకటుంది. బాల్కనీ కమ్మీల మధ్య సందు బాబు తల పట్టేంత వెడల్పుగా ఉంది, తలుపు గొళ్లెమేమో వాడికి అందేంత కిందికి ఉంది. రెండు రాత్రులూ ఆ తలుపుకు కుర్చీలు అడ్డం పెట్టుకుని పడుకున్నాం. గది తీసుకునేటప్పుడు ఏసీ గురించి, వేడినీళ్ల గురించి అడిగాను గానీ, బాల్కనీ గురించి అడగాలని అప్పుడు తోచలేదు. చిన్నపిల్లలున్నవారు బాల్కనీ ఫొటో తెప్పించుకుని చూసిన తరువాతే డబ్బు కట్టాలని నా మనవి.

ఇక పార్కు సంగతి. అక్కడ ప్రతి ఆటకూ కొలత ఎత్తే. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాల్లో రెండేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు ఇంచుమించు 86, 87 సెంటీమీటర్లు, ఐదేళ్లకు 110 దరిదాపు. అంటే రెండో పుట్టినరోజు చుట్టుపక్కలే పిల్లలు టికెట్ గీత దాటుతారు. బయలుదేరే ముందు మా వీధి అంగన్‌వాడీలో బాబును కొలిపిస్తే 84 వచ్చింది. ఇంట్లో టేపుతో మేము కొలిచినప్పుడు 87 కనిపించింది, ఎందుకంటే వాడు మడమలెత్తి నిలబడ్డాడు. గోడకు మడమలు ఆనించి, తల మీద అట్ట అడ్డంగా పెట్టి కొలిస్తేనే సరైన లెక్క వస్తుంది.

ఆటల ముందు ఎత్తు కొలవడానికి పెట్టిన పలకల దగ్గర సిబ్బందితో తగువులాడే తల్లిదండ్రులు ప్రతిచోటా కనిపిస్తారు. ‘నేను పట్టుకుని కూర్చుంటానండీ’ అని బతిమాలుతారు. కానీ ఒడి మీదికి దిగే కడ్డీ పెద్దవారి తొడలకు తగిలి ఆగిపోతుందని, పక్కన కూర్చున్న పసివాడి ఒడికీ ఆ కడ్డీకీ మధ్య జారిపోయేంత ఖాళీ మిగులుతుందని ఒక్కసారి ఊహించుకుంటే, ఆ పలక ఎవరి మేలుకు పెట్టారో అర్థమవుతుంది. యంత్రం మలుపు తిరిగే వేగానికి తల్లి చేతి పట్టు చాలదు.

దుస్తుల విషయంలో తప్పు నాదే. నీటి ఆటలకు నైలాన్ వంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలని తెలిసి కూడా, పిల్లలకు మెత్తగా ఉంటాయని నూలు బనియన్లు సర్దాను. నూలు పోగులు ఊడి వడపోత యంత్రాల్లో చేరతాయి కాబట్టి ఆ నియమం పెట్టారు. చివరికి అక్కడే ఇద్దరికీ కొనవలసి వచ్చింది. మామూలు డైపరు నీరు పీల్చి బరువెక్కి జారిపోతుంది కనుక, ఈతకు వాడే డైపర్లు నెల్లూరులోనే కొని పెట్టుకోవడం మంచిది. పసిపిల్లల ఆహారం తప్ప బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. బాబుకు మెత్తటి పప్పన్నం డబ్బాలో తీసుకెళ్లాం, మేము లోపలే భోంచేశాం.

లోపలికి వెళ్లేసరికి పదకొండున్నర దాటింది. పాప 109 సెంటీమీటర్లు ఉండటంతో పిల్లల ఆటల్లో చాలావాటికి అర్హురాలైంది. తంజోరా అనే పెద్ద రోలర్ కోస్టర్ మనుషులను తలకిందులుగా తిప్పుతుంటే కింద నిలబడి నోరు తెరుచుకుని చూసింది, తాను ఎప్పటికి అంత పొడవవుతానని వాళ్ల నాన్నను లెక్క అడిగింది. మేమిద్దరం వంతులు వేసుకున్నాం. ఒకరు పాపతో వరుసలో నిలబడితే మరొకరు బాబుతో నీడలో ఉండాలి. అత్తమ్మ ‘మీరు పోండమ్మా, అబ్బయను నేను చూసుకుంటాను’ అంది గానీ, మోకాళ్ల నొప్పితో ఆమె రెండేళ్ల పిల్లవాడి వెంట పరుగెత్తలేదు. అందుచేత ఇద్దరు పిల్లలకు, నీళ్ల దగ్గర చకచకా కదలగలిగిన పెద్దవారు కనీసం ఇద్దరు ఉండాలనేది నా లెక్క. అవ్వాతాతలను ఆ లెక్కలో కలపకూడదు.

బాబుకు దక్కిన ఆనందమంతా లోతు లేని పిల్లల కొలనులోనే. మైపాడులో ఏడ్చినవాడు అక్కడ అలలు లేనందువల్ల ధైర్యంగా కూర్చున్నాడు, పైనుంచి పడే నీటి ధార కింద అరచేయి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి అరగంట గడిపాడు. తరువాత పెదవులు నీలంగా మారి వణకడం మొదలుపెట్టాడు. చిన్న ఒంటిలోంచి వేడి త్వరగా పోతుంది కాబట్టి, ఎండ కాస్తున్నా సరే, ఇరవై నిమిషాలకొకసారి బయటికి తీసి తుడిచి, పొడి తువ్వాలు చుట్టాలి. చీలమండ లోతు నీటిలోనైనా చేతికి అందేంత దూరంలోనే కూర్చోవాలి. రెండు గంటలకు నిద్ర ముంచుకొచ్చి, నాలుగున్నర వరకు స్ట్రోలర్‌లో పడుకున్నాడు. అంటే మేము గడిపిన ఆరేడు గంటల్లో వాడికి ఉపయోగపడినవి రెండు గంటలే. పాపకు మాత్రం ఆ రోజు చాలలేదు, గేటు దగ్గర ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో దొరవారిసత్రం దగ్గర హైవే దిగి నేలపట్టు పక్షుల కేంద్రంలో ఆగాం. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు పోయింది గానీ, మాకు ఇప్పటికీ అది నెల్లూరు నేలపట్టే. నీటిలో నిలబడిన, కడప అని పిలిచే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు) గూళ్లు కట్టి ఉన్నాయి. తల్లి ముక్కు కింది సంచిలోకి పిల్ల తన తలంతా దూర్చి చేపలు తింటుంటే బాబు కేరింతలు కొట్టాడు. ఆ రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని ఊరివారు తరతరాలుగా ఈ పక్షులను కాపాడుకుంటున్నారని అత్తమ్మ పాపకు చెప్పింది. అక్టోబరు నుంచి మార్చి వరకు, ఉదయం పూట వెళ్తే బాగా కనిపిస్తాయి. తినుబండారాలు, పాలు వెంట తీసుకుపోవాలి. పాపకు అరగంటలోనే విసుగొచ్చి, మళ్లీ పార్కుకు ఎప్పుడు వెళ్తామని అడిగింది.

ఇంట్లో వంటగది తలుపు మీద ఇద్దరి ఎత్తులకూ గీతలు పెట్టాం. బాబు గీత 100 దాటేవరకు పార్కుకు పాపను వాళ్ల నాన్న ఒక్కడే తీసుకువెళ్లాలని, ఆ రోజున నేను, అత్తమ్మ, బాబు నేలపట్టులో ఉండాలని నిర్ణయించుకున్నాం.