‘షుగరుకు మేడి పట్ట చూర్ణం’ కొంటున్నారా, జాగ్రత్త

గుంటూరు పట్నం బజారు వైపు మూలికలు కొనేవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. మేడి పట్ట చూర్ణమని అక్కడ ఒక కొట్లో అమ్మిన పొడితో మా పిన్నికి ప్రాణం మీదకు వచ్చింది. పావుకిలో 450 రూపాయలు. పరగడుపున చెంచాడు వేసుకుంటే నెల తిరిగేసరికి ఇంగ్లీషు మందులు మానేయొచ్చని కొట్టతను చెప్పాడట. పిన్ని మాత్రలు మానకుండా వాటితోపాటే ఇదీ వేసుకుంది. కొన్నాళ్లకు ఓ తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. మిషన్‌తో చూస్తే షుగరు 48కి పడిపోయింది! పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు గారు మొట్టమొదట అడిగింది, ‘పొడులేమైనా వాడుతున్నారా?’ అనే. షుగరు మాత్రలనే నూరి ఇలాంటి చూర్ణాల్లో కలిపిన కేసులు మన దేశంలో ఇదివరకే బయటపడ్డాయి.

మిగిలిన పొడి నేను నాలుక మీద వేసుకుని చూశాను. మేడి పట్టలో టానిన్లు ఎక్కువ, అందుకే నాలుక పిడచకట్టేంత వగరుగా ఉంటుంది. దీనికి వగరన్నదే లేదు, కాస్త చేదు, గోధుమపిండిలా మెత్తన. వేడినీళ్లలో నానబెట్టి, తుప్పు మేకులు నానిన నీళ్లు కలిపాను. టానిన్ ఉంటే నల్లబడాలి, రంగే మారలేదు. నల్లబడినంత మాత్రాన అది మేడి అని కూడా నమ్మకండి, తుమ్మ పట్టయినా అలాగే నల్లబడుతుంది.

చెట్టుది ఏ తప్పూ లేదు. మర్రి, రావి, జువ్వి, గంగరావితో కలిపి మేడి పట్టను పంచవల్కలమంటారు. ఆ కషాయంతో పుండ్లు కడగడం, నోటిపూతకు పుక్కిలించడం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉన్నదే. పట్టలో టానిన్లతోపాటు ల్యుపియోల్, బీటా సిటోస్టెరాల్, ల్యుకోసయనిడిన్ అనే రసాయనాలు ఉన్నాయి. పట్ట సారం ఎలుకల్లో గ్లూకోజు తగ్గించిందని పరిశోధనలు ఉన్నమాట నిజమే. దాన్ని పట్టుకుని మనుషుల చేత మాత్రలు మానిపించడం మాత్రం ఘోరం.

ప్యాకెట్ మీద ఆకుపచ్చ కాగితం, చెట్టు బొమ్మ, అంతే. ఆయుర్వేద మందుకు తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండి తీరాలి. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు చూపించి మభ్యపెడతారు, అది మందుల లైసెన్సు కాదు. మధుమేహం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. బిల్లు అడిగితే కొట్టతను ఇవ్వలేదు, ‘మేం తయారుచేసింది కాదు’ అని చేతులు దులుపుకున్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి ప్యాకెట్ ఉంటే పారేయకండి. మూతి గట్టిగా కట్టి, ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదుతోపాటు ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయండి. షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఈ పొడి వాడుతుంటే ఈ రోజే ఆపించి, ప్యాకెట్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.