పాముల్నీ కప్పల్నీ చూడ్డానికి కొన్న హెడ్‌లైట్: కొన్నేళ్ళు వాడాక

తలకి కట్టుకునే హెడ్‌లైట్ కొనాలనుకునే ఎవరైనా నన్ను మొదట అడిగేది "ఎన్ని ల్యూమెన్లు?" అనే, అంటే వెలుగు ఎంత అని. నా దాని డబ్బా మీద 1000 అని వేసుంది. రాత్రిపూట పాములూ కప్పలూ చూడ్డానికి ఆ వెయ్యితో దాదాపు పనే లేదు, నేను వాడేదంతా కింది రెండు లెవెల్సే. టర్బో, అంటే అన్నిటికన్నా పై లెవెల్, ఎప్పుడైనా వేస్తే అది దారి తప్పిన గేదెని వెతకడానికి పక్కింటాయన అడిగి తీసుకున్నప్పుడు.

కంపెనీ పేరు రాయడం లేదు, అనవసరం కూడా. రెండు మూడు వేల రూపాయల మధ్య ఆన్‌లైన్‌లో ఇలాంటివి బోలెడు ఉన్నాయి, లోపల సరుకు ఇంచుమించు ఒకటే. చార్జ్ చేసుకునే 18650 సెల్లు ఒకటి, టైప్-సి చార్జింగు, నాలుగు లెవెల్స్ తెల్ల లైటు, పక్కన చిన్న ఎర్ర లైటు, తలకి ఎలాస్టిక్ పట్టీ. నేను తిరిగేది నెల్లూరు చుట్టుపక్కల వరి పొలాల గట్లు, కండలేరు కాలవ వెంబడి మట్టి రోడ్లు, మైపాడు వైపు సరుగుడు తోటలు, వీలు కుదిరితే ఉదయగిరి దిగువన రాళ్ళూ ముళ్ళకంపా ఉన్న మెట్ట. అటు కనిగిరి, సీఎస్ పురం దాకా కూడా వెళ్తుంటాను. పెనుశిల నరసింహ అభయారణ్యం లాంటి చోట్లకి చీకటి పడ్డాక అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు, కాబట్టి ఈ రాసేదంతా ఊరి రోడ్లూ పొలాల సంగతే. అక్కడే ఎన్ని ఉన్నాయో చూస్తే ఇంక అడవి ఎందుకనిపిస్తుంది.

ముందు మంచి సంగతి. లైటు కంటికి దగ్గరగా ఉంటే ఎదుటి జీవి కంట్లో మెరుపు మనకి కనబడుతుంది, ఎందుకంటే ఆ కళ్ళ వెనకాల ఉన్న పొర వెలుతుర్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. టార్చి నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు నడుం దగ్గరికే పోతుంది, మన కంటికి అందదు. అందుకని చెరువు ఒడ్డున నిలబడి తల అటూ ఇటూ తిప్పితే చాలు, నీళ్ళలో కళ్ళు మాత్రం పైకి పెట్టుకుని తేలే నీటి కప్పలు వరసగా దొరికిపోతాయి. గడ్డిలో సన్నగా నీలం తెలుపు చుక్కలు మెరిస్తే అవి సాలీళ్ళు, కొత్తవాళ్ళు వాటిని చూసి పరిగెత్తుకుపోతారు, పోనివ్వండి, ఒకసారి చూస్తే తెలిసిపోతుంది. ఊసరవెల్లికి ఈ మెరుపుతో పని లేదు. అది రాత్రి కొమ్మ చివర పడుకున్నప్పుడు రంగు పాలిపోయి లైటుకి తెల్లగా కనబడుతుంది. పగలంతా వెతికినా కనబడనిది రాత్రి రోడ్డు మీంచే కనబడుతుంది.

పాముల దగ్గరికొచ్చేసరికి హెడ్‌లైట్ తేలిపోతుంది. పాము కళ్ళు కప్ప కళ్ళలా మెరవవు, మెరుపు చూసి పట్టుకుందామంటే కుదరదు. పైగా లైటూ కన్నూ ఒకే ఎత్తులో ఉన్నాయంటే నీడలన్నీ వస్తువు వెనక్కే పడతాయి, మనకి కనబడవు. నీడ లేకపోతే నేల మొత్తం చదునుగా, బొమ్మ గీసినట్టు అయిపోతుంది, అందులో రక్తపింజర ఎండుటాకుల మధ్య ఉన్నా అది కూడా ఆకుల్లో ఆకే. ఇది నాకు మొదట చెప్పింది మా పక్క పొలాల్లో ఎలకలు పట్టే పెద్దాయన. ఆయన దగ్గరున్నది రెండు సెల్లుల పాత టార్చి, దాన్ని మోకాలి కింద పట్టుకుని నడుస్తాడు. నా తల మీద లైటు చూసి నవ్వి, "అంత పైన పెట్టుకుంటే ఏం కనపడద్ది అబ్బయ్యా, నేలకి దగ్గర పట్టు, నీడ పడాల" అన్నాడు. "అది కాదు మామా, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని" అంటే "ఖాళీ చేతుల్తో ఏం జేస్తావ, పాముని పట్టుకుంటావా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. కప్పలకీ నడకకీ లైటు తల మీద. పాముల కోసం వెతికేటప్పుడు పట్టీలోంచి ఊడదీసి చేతిలో పట్టుకుని మోకాలి ఎత్తులో పక్కనుంచి వేస్తాను. అందుకే నా దాంట్లో నాకు బాగా నచ్చిన విషయం ల్యూమెన్లు కావు, లైటు పట్టీలోంచి ఒక్క లాగులో ఊడిరావడం. చాలా వాటికి స్క్రూలు బిగించేసి ఉంటాయి, కొనే ముందు అదొక్కటి చూడండి.

పక్కనుంచి వేసిన లైటుకి పేర్లు తేల్చుకోవడం కూడా సులువు. కట్లపాముకీ వుల్ఫ్ స్నేక్‌కీ తేడా మన జిల్లాల్లో అందరికీ కావాల్సిన విషయం, ఎందుకంటే రెండూ రాత్రి తిరిగేవే, రెండూ ఇళ్ళల్లోకి వస్తాయి, రెండింటికీ చారలుంటాయి, ఒకటి మనిషిని చంపగలదు, రెండోదానికి విషం లేదు. కట్లపాముకి తెల్ల గీతలు సన్నగా, చాలాసార్లు జంటలుగా, తల దగ్గర లేకుండా లేదా చుక్కల్లా ఉండి తోక వైపుకి స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌కి దీనికి తిరగబడ్డట్టు, మెడ దగ్గర వెడల్పు పట్టీలు ఉండి తోక వైపుకి చెదిరిపోతాయి. కానీ చారల్ని నమ్ముకుంటే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటారు, కొన్ని కట్లపాములకి చారలు దాదాపు ఉండవు. నమ్మదగ్గ గుర్తు వీపు మధ్య వరస. కట్లపాముకి వెన్ను పొడుగునా ఆరు కోణాల పెద్ద పొలుసులు ఒక వరస ఉంటాయి, పక్క పొలుసులకన్నా బాగా పెద్దవి. వుల్ఫ్ స్నేక్‌కి అలా ఉండవు. ఇప్పుడు టర్బో ఎందుకు దండగో చూడండి: కట్లపాము ఒళ్ళు నున్నగా నల్లగా నిగనిగలాడుతుంది, దాని మీద వెయ్యి ల్యూమెన్లు కొడితే వెన్ను మీద తెల్లటి మెరుపు గీత ఒకటే మిగుల్తుంది, చూడాల్సిన వరస సరిగ్గా ఆ మెరుపు కిందే పోతుంది. ఫోన్ ఫ్లాష్ కూడా అంతే. లైటు తక్కువలో పెట్టి ఓరగా వేసి, దూరంగా నిలబడి జూమ్ చేసి తీస్తే పొలుసులు లెక్కపెట్టుకునేంత బాగా వస్తుంది.

రక్తపింజరకి పొలుసు పొలుసుకీ మధ్యలో గట్టులాంటి గీటు ఉంటుంది, ఒళ్ళు గరుకు. ఓర లైటులో అది బాగా తెలుస్తుంది. వీపు మీద గొలుసులా మూడు వరసల గుండ్రటి మచ్చలు, అంచులు నలుపు. జనం దీన్ని చూసి కొండచిలువ పిల్ల అనుకుంటారు, దగ్గరికి పోయి ఫోటోలు దిగుతారు, నేను చూశాను, చెమటలు పట్టాయి. అటు ఇంకో పొరపాటు, ఏ పాపం తెలియని, విషం లేని సాండ్ బోవా అనే పాముని రక్తపింజర అని కొట్టి చంపడం. దాని మచ్చలకి ఒక వరసంటూ ఉండదు, తోక పొట్టిగా ఉంటుంది. చిన్న పింజర ఉదయగిరి వైపు రాళ్ళలో కనబడుతుంది, తల మీద బాణం లాంటి లేత గుర్తు, కదిలితే చుట్టలు ఒకదానికొకటి రాసుకుని రంపం కోసిన చప్పుడు. చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. ఏదైనా సరే ముట్టుకోకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి ఎలా ఉన్నా ముందు మన ప్రాణం ఉంది. కాటు పడితే కోయడాలూ కట్లు కట్టడాలూ మంత్రాలూ వద్దు, 108కి ఫోన్ చేసి విషానికి మందు ఉన్న ఆసుపత్రికి పోవడమే.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలు. కప్పల కోసం అప్పుడు తిరిగితే లైటు ఆర్పేసి నిలబడ్డ సమయమే ఎక్కువ. లైటు వేస్తే అరుపు ఆపేస్తాయి. వరి మళ్ళలో ఉండే చిన్న గోధుమ రంగు కప్పల్ని చూసి పేరు చెప్పడం బాగా తెలిసినవాళ్ళకే కష్టం, ఒకేలా ఉంటాయి, అరుపు రికార్డు చేసుకుంటేనే ఏదో ఒకటి తేలుతుంది. సూదిమూతి చిన్న కప్ప మైక్రోహైలా ఉంది కదా, బొటనవేలి గోరంత ఉంటుంది, దువ్వెన పళ్ళ మీద గోరు గీకినట్టు అరుస్తుంది, ఎక్కడుందో వెతకడానికి మాత్రం తెల్లారిపోతుంది. బోదురు కప్పలు తొలి పెద్ద వానకి నిమ్మపండు పసుపు తిరిగి, గొంతు పక్కన నీలం సంచులు ఊదుకుంటూ దూకులాడుతుంటే లైటూ అక్కర్లేదు, ఫోటో చూసి పేరు చెప్పే యాపూ అక్కర్లేదు. వాటి తమ్ముడు లాంటిది ఇంకోటి ఉంది, హోప్లోబట్రాకస్ క్రాసస్. దీనికి 1853లో పేరు పెట్టిన జెర్డన్ అనే బ్రిటిష్ డాక్టరు అంతకు ముందు మన నెల్లూర్లోనే సివిల్ సర్జన్‌గా చేశాడు. ఇది కొంచెం చిన్నది, దీనికి వెనక కాలి లోపలి వైపు మట్టి తవ్వుకునే పారలాంటి గట్టి బొడిపె పెద్దది ఉంటుంది. అది ఫోటోలో రావాలంటే లైటు నేల మీద పెట్టి పక్కనుంచి తీయాలి. ఇక్కడా మళ్ళీ తల మీద లైటు పనికిరాదు.

రంగు విషయంలో నా లైటుకి మార్కులు తక్కువ. మరీ నీలం కలిసిన తెలుపు, దాంట్లో గోధుమ రంగు బూడిదలా, పచ్చ రంగు నీలంలా పడుతుంది, యాప్‌లో పెడితే అది ఇంకేదో పేరు చెప్తుంది. ఇప్పుడు కొనేవాళ్ళు లైటు రంగు 4000, 4500 కెల్విన్ ప్రాంతంలో (అంకె తగ్గేకొద్దీ పసుపు), సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే కొలత, 90 పైన ఉన్నది చూసుకోండి, వెలుగు కొంచెం తగ్గినా పర్వాలేదు. ఆ కాస్త పసుపు లైటుకి పురుగులు కూడా తక్కువ వస్తాయి. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ళు లేచినప్పుడు తల మీద లైటు పెట్టుకున్నవాడి గతి చెప్పకూడదు, నోరు తెరిస్తే నోట్లోకే.

నీటిని తట్టుకునే లెక్కలో ఐపీఎక్స్4 అంటే తుంపర్లు ఆపుతుంది అంతే, నీళ్ళలో పడితే హామీ లేదు. నాది జడివానకి ఆగింది, సముద్రపు గాలికి ఆగలేదు. మైపాడు వైపు తిరిగిన కొన్నాళ్ళకి సెల్లు తగిలే స్ప్రింగు పచ్చబడి లైటు మినుకుమినుకుమనడం మొదలైంది. గరుకు కాగితంతో రుద్ది, ఇంటికి రాగానే తడిబట్టతో తుడవడం అలవాటు చేసుకున్నాక ఆగింది. చార్జింగు మూత రబ్బరు కూడా వదులైంది. సెల్లు మార్చుకునే వీలుండటం మాత్రం పెద్ద ప్లస్సు, జేబులో ఇంకోటి వేసుకుంటే తెల్లవార్లూ తిరగొచ్చు. డబ్బా మీద రాసిన గంటల్ని నమ్మొద్దు.

ఎర్ర లైటు సముద్రపు తాబేళ్ళకి పనికొస్తుందని చాలామంది కొంటారు. జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లీలు మన తీరంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, తెల్ల లైటు చూస్తే కొన్ని వెనక్కి పోతాయి, పిల్లలైతే సముద్రం ఎటో తెలియక లైటు వైపు పాకుతాయి. ఎర్ర లైటు తక్కువ నష్టం, అంతే, నష్టం లేదని కాదు. నేనైతే అక్కడ ఏ లైటూ వెయ్యను, వెన్నెల్లో తాబేలు పాకిన జాడ ఇసకలో బాగానే తెలుస్తుంది. కాబట్టి ఎర్ర లైటు లేదని మంచి లైటు వదులుకోవద్దు. నాకు అది పనికొచ్చేది నోట్సు రాసుకోవడానికి.

పట్టీ గురించి ఒక మాట. చెమటకీ వానకీ ఎలాస్టిక్ సాగిపోయి లైటు ముక్కు మీదకి జారడం మొదలైంది, కంపెనీవాళ్ళు విడిగా అమ్మరు. మా వీధి టైలర్ దగ్గర ప్యాంట్లకి వేసే వెడల్పాటి ఎలాస్టిక్ కొనుక్కుని కుట్టించుకున్నాను, పాతదానికన్నా గట్టిగా ఉంది, రంగు మాత్రం గులాబీ.