పెద్దమ్మ పాట, ఐదు రోజుల గడువు: ఒక డిస్ట్రిబ్యూషన్ సర్వీస్‌తో నాలుగేళ్లు

మన పాటల్ని యాప్‌లలో పెట్టించి, వచ్చిన డబ్బు మనకు పంపే ఈ సర్వీస్ తీసుకొని నాకు నాలుగో ఏడు నడుస్తోంది. పాట యాప్‌లలోకి ఎలా వెళ్తుంది, ఏడాదికి ఎంత కట్టాలి అన్నవి జానపదం చేసేవాళ్లందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: కాపీరైట్ క్లెయిమ్, అంటే మన పాట తమదని ఇంకొకరు వేసే దావా, పడ్డ రోజున వీళ్లు మనకు ఏపాటి అండగా ఉంటారన్నది. నా కోపమంతా అక్కడే. ఏడాది దాటినా తగ్గలేదు.

మాది జడ్చర్ల దగ్గర ఊరు. పాడేది మా పెద్దమ్మ. పల్లికాయ చేన్లలో కూలికి పోతుంది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాటలు నలభై దాకా నోటికి వచ్చు. మహబూబ్‌నగర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి, ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేస్తాం. నా చిన్నప్పుడు కురుమూర్తి జాతరలో క్యాసెట్లు దుప్పటి మీద పరిచి అమ్మేవాళ్లు. ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపులో ఇరవై రూపాయలిస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించేవాళ్లు. క్యాసెట్ కాలంలో పాడినవాళ్లకు స్టూడియోలో చేతిలో పెట్టిందే డబ్బు. మెమరీ కార్డు కాలంలో అదీ లేదు.

అందుకే 2022లో పాట ఎక్కడెక్కడ విన్నారో చెప్పే మొదటి రిపోర్టు వచ్చినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషమైంది. సౌదీ, కువైట్, ఖతార్ అని వరుసగా దేశాల పేర్లు. అక్కడ ఒకరు పాట వింటే వచ్చే పైసలు ఇక్కడ వింటే వచ్చేదానికన్నా ఎక్కువ, ఎందుకంటే యాప్‌లు ఏ దేశంలో వసూలైన చందా, ప్రకటనల డబ్బును ఆ దేశం లెక్కలోనే పంచుతాయి. ఇంకో సంతోషం కాలర్ ట్యూన్. ఒకరోజు పెద్దమ్మ కల్వకుర్తిలో ఉన్న చుట్టాలకు ఫోన్ చేస్తే అవతల ఆమె గొంతే వినిపించింది. ఫోన్ చెవికి గట్టిగా అదుముకొని, కళ్లు మూసుకొని నిలబడిపోయింది. వాళ్లు ఎత్తగానే ఆమె అన్న మొదటి మాట: "ఎందుకు ఎత్తినవ్ బిడ్డా, పాట అయిపోనియ్యకపోతివి." కట్ చేసి మళ్లీ చేసింది.

అప్పట్లో మా జానపద వాట్సాప్ గ్రూపులో ఈ సర్వీస్‌ను బాగా పొగిడాను. నా మాట విని నలుగురు చేరారు. ఇప్పుడు అందులో కొంత వెనక్కి తీసుకోవాలి. యాప్‌ల నుంచి, కాలర్ ట్యూన్ నుంచి వచ్చింది ఏడాది చందా పోను స్టూడియో ఖర్చులో సగానికి కూడా సరిపోలేదు. మాకు డబ్బంటూ కనిపించేది యూట్యూబ్‌లో, అదీ బతుకమ్మ తొమ్మిది రోజుల్లోనే.

2024లో కొత్త పాట సెప్టెంబర్‌లో వేశాం. అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. సరిగ్గా ఆ రోజే వీడియో మీద క్లెయిమ్ పడింది. నేను చూసింది మూడో తారీఖు రాత్రి. ఎవరో పెద్దమ్మ గొంతును ఉన్నదున్నట్టు ఎత్తుకొని, కింద డీజే దరువు వేసి, వేరే కంపెనీ ద్వారా వదిలి, పాటల్ని పోల్చి పట్టుకునే యూట్యూబ్ యంత్రం కంటెంట్ ఐడీలో తమదిగా నమోదు చేయించుకున్నారు. యంత్రానికి ఎవరు ముందు పాడారో తెలియదు. తన దగ్గర నమోదైన దానితో పోలిస్తే చాలు, పట్టుకుంటుంది. మేము ఎందుకు నమోదు చేయలేదంటే, కంపోజర్ దగ్గర 'సంప్రదాయం' అని రాస్తే కంటెంట్ ఐడీ నమోదుకు ఉన్న టిక్ పెట్టొద్దని ఈ సర్వీస్ ఫారంలోనే ఉంది. నేను ఉన్నది ఉన్నట్టు రాసి టిక్ వదిలేశాను. కానీ బాణీ ఊరందరిదైనా రికార్డింగ్ మాది. మన కాపీరైట్ చట్టం ఆ రెండింటినీ వేరుగానే చూస్తుంది, రికార్డింగ్ మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. ఈ ముక్క ఫారంలో ఎక్కడా లేదు.

ఆ రాత్రే సర్వీస్‌కు మెయిల్ పెట్టాను. హక్కుల గొడవలన్నీ తమ ద్వారానే నడవాలని ఒప్పందంలో ఉంది. సొంతంగా కదిలితే ఛానల్‌కు స్ట్రైక్, అంటే యూట్యూబ్ వేసే హెచ్చరిక, పడుతుందేమోనని టెన్షన్ కూడా. ఇరవై నాలుగు గంటల్లో జవాబిస్తామన్నారు. వచ్చింది టికెట్ నంబర్ ఒక్కటే. ఫోన్ చేద్దామంటే నంబర్ లేదు. తొమ్మిదో తారీఖున ఒక్క లైన్ వచ్చింది: ఛానల్ మీది కనుక డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పన్న అభ్యంతరం) మీరే పెట్టుకోవాలి. పెట్టడానికి నాకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ లైన్ మూడో తారీఖునే వచ్చి ఉంటే కథ వేరు. క్లెయిమ్ పడ్డ ఐదు రోజుల లోపు డిస్ప్యూట్ పెడితే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును యూట్యూబ్ పక్కన పెడుతుంది, గెలిచినవాళ్లకు ఇస్తుంది. ఐదు దాటితే డిస్ప్యూట్ పెట్టిన రోజు నుంచే. జవాబివ్వడానికి క్లెయిమ్ వేసినవాళ్లకు 30 రోజుల గడువు. వాళ్లు నోరు మెదపలేదు, నవంబర్ 8న క్లెయిమ్ దానంతటదే పోయింది. కానీ ఎంగిలిపూల నుంచి ఆ వారం రోజుల డబ్బు వాళ్లకే పోయింది. మాకు దక్కింది పండగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు నుంచి వచ్చింది మాత్రమే.

పెద్దమ్మ అడిగింది: "గొంతు నాదే గద బిడ్డా, మరి పైసలు గాళ్లకెట్ల పోయినయి?" ఐదు రోజుల సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

పాట ఎత్తుకున్నది ఈ సర్వీస్ కాదు, గడువులు పెట్టిందీ వీళ్లు కాదు. ఏడాది పొడవునా ప్రేమ పాటలు వదిలే కుర్రాళ్లకు ఇదంత దెబ్బ కాకపోవచ్చు. నెల ఆలస్యమైనా వాళ్ల పాట వినేవాళ్లుంటారు. మా పాటకు పండగ దాటితే వినేవాళ్లు తక్కువ. అలాంటి పాటలే చేసేవాళ్లయితే చేరేముందు ఒక ఉత్తుత్తి ఫిర్యాదు పంపి, ఎన్నాళ్లకు జవాబొస్తుందో చూసుకోండి. నేనైతే మానలేదు. ఈ సర్వీస్‌లో చందా ఆపితే పాటలన్నీ యాప్‌ల నుంచి దిగిపోతాయి, కాలర్ ట్యూన్‌తో సహా. అందుకే మళ్లీ కట్టాను.

2025లో పాటను జూలైలోనే పంపాను. స్టూడియో రశీదు జత చేసి, రికార్డింగ్ మాదేనని పదకొండు మెయిళ్లలో ఒప్పించి ఆ టిక్ పెట్టించాను. సెప్టెంబర్ 21న ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వీడియో పక్కన, డబ్బు మాకే వస్తోందని చూపే పచ్చ డాలర్ గుర్తు చూసుకున్నాను. పెద్దమ్మ కూడా గునుగు పూలు కోసుకొని వస్తూ వాకిట్లోంచే అడిగేది: "పచ్చగనే ఉన్నదా బిడ్డా?"