ఒక పెద్ద సబ్‌వూఫరా, రెండు చిన్నవా? ముందు సోఫాలో ఎంతమంది కూర్చుంటారో చెప్పండి

సినిమాల్లో, పాటల్లో బేస్, అంటే గుమ్మనే లోతైన శబ్దం, మోగించే స్పీకరే సబ్‌వూఫర్, ముద్దుగా సబ్. దాని గురించి ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని వారం లేదు. "పదిహేను అంగుళాల సబ్ ఒకటి తీసుకోనా, అదే డబ్బుకి పది అంగుళాలవి రెండు తీసుకోనా?" గత నెల మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. నేను రెండు చిన్నవి తీసుకున్నాను. అదే నెలలో గుంటూరులో మా బావమరిదికి మాత్రం పెద్దది ఒక్కటే కొనిపించాను. రెండూ సరైన నిర్ణయాలే అని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ముందు అంగుళాల లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. సబ్ పని గాలిని నెట్టడం. ఎంత గాలి నెడుతుందన్నది కోన్ (స్పీకర్‌లో కదిలే గుండ్రటి పొర, అంగుళాలు చెప్పేది దీని వ్యాసాన్నే) వైశాల్యం మీద, అది ముందుకూ వెనక్కూ ఎంత కదులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15ని 15తో గుణిస్తే 225. పది అంగుళాలవి రెండైతే 200. పన్నెండు అంగుళాలవి రెండైతే 288. అంటే రెండు పదులు ఒక పదిహేను కంటే కొంచెం తక్కువ, రెండు పన్నెండులు బాగా ఎక్కువ. మీ బడ్జెట్‌లో రెండు పన్నెండులు వస్తుంటే ఈ లెక్కలో పెద్దదానికి ఉన్న ఆధిక్యం పోయినట్టే.

అయితే ఒక విషయంలో పెద్దదే గెలుస్తుంది, దాన్ని దాచను. రెండు సబ్‌లు కలిస్తే శబ్దం పెరుగుతుంది. ఒకే రకంవి పక్కపక్కన పెడితే 6 డెసిబెల్స్ దాకా వస్తుంది. కానీ లోతు పెరగదు. లోతును హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో, చెబుతారు. అంకె తగ్గేకొద్దీ లోతు ఎక్కువ. ఒక్కో సబ్ 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేదైతే, రెండు పెట్టినా దాదాపు అక్కడే ఆగుతుంది. అదే శబ్దాన్ని ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 40 హెర్ట్జ్ నుంచి 20కి తీసుకెళ్లాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. చిన్న కోన్, చిన్న పెట్టె అంత దూరం రాలేవు. పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న పెద్ద పెట్టె సునాయాసంగా వెళ్తుంది. పాటలు మాత్రమే వినేవాళ్లకు ఈ తేడా పెద్దగా పట్టదు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ కూడా 41 హెర్ట్జ్ దగ్గరే మోగుతుంది. పేలుళ్లు, భూకంపాలు, అంతరిక్ష నౌకల సినిమాలంటే ప్రాణం అనేవాళ్లకు మాత్రం 20, 25 హెర్ట్జ్ కావాలి.

ఇక నా దృష్టిలో అసలు సంగతికి వస్తాను. అది సబ్‌లో లేదు, గదిలో ఉంది.

మా ఫ్లాట్‌లో సినిమాలకు పెట్టుకున్న గది 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీకి ఎదురుగా మూడు సీట్ల సోఫా. ఎడమ చివర మా ఆవిడ, మధ్యలో నేను, కుడి చివర మా అమ్మాయి. ఇంతకుముందు ముందు గోడ ఎడమ మూలలో పన్నెండు అంగుళాల సబ్ ఒకటి ఉండేది. సినిమా మొదలైన పది నిమిషాలకు మా ఆవిడ "గుమ్ గుమ్ అని ఒకటే మోత, తగ్గించండి" అనేది. నాకేమో ఆ బేస్ సరిగ్గా వినిపించేదే కాదు. తగ్గిస్తే నాకు అసలు లేనట్టే ఉండేది. చాలాకాలం ఇది అభిరుచుల తేడా అనుకున్నాం. చివరికి మైక్ పెట్టి ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు సీట్లలోనూ కొలిచాను. 51 హెర్ట్జ్ దగ్గర నా సీటుకీ తన సీటుకీ 12 డెసిబెల్స్ తేడా. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

దీని వెనకున్న లెక్క సులువు. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం సగం తరంగానికి సమానమైన చోట ఆ గది తనంతట తాను మోగుతుంది. కాబట్టి 565ని గది కొలతతో భాగించాలి. 565ని 11తో భాగిస్తే 51 హెర్ట్జ్, 16తో భాగిస్తే 35 హెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీల్లో గోడల దగ్గర శబ్దం ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు శూన్యం. నేను కూర్చునేది వెడల్పులో సరిగ్గా మధ్యన. ఇంట్లో సౌండ్ కోసం డబ్బు పెట్టినవాడు కూర్చునే చోటు ఎప్పుడూ అదే కదా.

ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌తో సరిచేయొచ్చు కదా అంటారు. శిఖరాన్ని తగ్గించొచ్చు, గుంటను పూడ్చలేం. శూన్యం ఉన్న చోట ఎంత పవర్ పోసినా ఆంప్లిఫైయర్ వేడెక్కడమే తప్ప లాభం లేదు. పైగా ఈక్వలైజర్ అన్ని సీట్లనూ ఒకేలా మారుస్తుంది. నా సీటుకు పెంచితే చివరి సీట్లలో కూర్చున్నవాళ్లకు ఇంకా మోత.

ఇక్కడే రెండో సబ్ అక్కరకొస్తుంది. నీళ్లు నింపిన తాంబాళాన్ని ఒక పక్క నుంచి తడితే నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి. రెండు పక్కలా ఒకేసారి, ఒకే బలంతో తడితే ఆ అటూ ఇటూ ఊగడం పుట్టదు. టీవీకి రెండు వైపులా, పక్క గోడల నుంచి సమాన దూరంలో ఒకే రకం సబ్‌లు రెండు పెడితే 51 హెర్ట్జ్ దగ్గర జరిగేది ఇదే. ఒకటి రేపబోయే ఊపును ఇంకొకటి అణిచేస్తుంది. పెట్టాక మళ్లీ కొలిస్తే నా గదిలో మూడు సీట్ల మధ్య ఆ 12 డెసిబెల్స్ తేడా 3కి తగ్గింది. ఆ రాత్రి సినిమా అయిపోయేదాకా మా ఆవిడ రిమోట్ అడగలేదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ఆడియో పరికరాలు చేసే హర్మన్ కంపెనీలో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లోనే దీర్ఘచతురస్రాకార గదుల మీద ఈ లెక్కలన్నీ వేసి చూపించారు. ఎదురెదురు గోడల మధ్య బిందువుల్లో రెండు సబ్‌లు పెడితే చాలా మంచి ఫలితం వస్తుందనీ, నాలుగు దాటాక పెద్ద లాభం లేదనీ తేల్చారు.

పెద్దది ఒక్కదాన్నే ముందు గోడకు సరిగ్గా మధ్యలో పెడితే? వెడల్పు సమస్య దానితోనూ పోతుంది, ఎందుకంటే ఆ ఊపుకు శూన్యమైన చోట నిలబడి దాన్ని రేపలేం. మా బావమరిదికి చేసింది ఇదే. వాళ్ల డాబా మీది గదిలో ప్రొజెక్టర్ తెర, దాని కింద ఖాళీ గోడ. రాత్రి షాపు కట్టేసి వచ్చి ఒక్కడే రిక్లైనర్‌లో కూర్చుని చూస్తాడు. ఒకే సీటు కాబట్టి దానికి తగ్గట్టు సబ్‌ను జరిపాం, ఈక్వలైజర్ కూడా ఆ సీటుకే వేశాం. అలాంటివాళ్లకు పదిహేను అంగుళాల పోర్టెడ్ సబ్ ఇచ్చే లోతు ముందు నా రెండు చిన్నవి నిలవవు. దాన్ని మెట్ల మీదుగా పైకి ఎక్కించడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. మా ఫ్లాట్‌లో ముందు గోడ మధ్యన టీవీ యూనిట్ ఉంది. చాలా ఇళ్లలో అంతే. పెద్ద సబ్‌కు మిగిలేది మూల ఒక్కటే, అన్నిటికంటే ఎక్కువ ఊపు రేపేదీ ఆ మూలే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే సలహాల గురించి ఒక మాట. అక్కడ చాలా ఇళ్లు చెక్క ఫ్రేములు, జిప్సమ్ బోర్డులతో కట్టినవి. బేస్ కొంత గోడల్లోంచి బయటికి పోతుంది, చెక్క నేల కాళ్ల కింద కదులుతుంది. మనవి ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు, టైల్స్. బేస్ అంతగా బయటికి పోదు, ఎక్కువగా గదిలోనే తిరుగుతుంది. కాబట్టి సీటుకీ సీటుకీ తేడా మన దగ్గర ఇంకా ఎక్కువ. దీనికి ఒక మంచి పక్క కూడా ఉంది. తలుపులు మూసిన చిన్న కాంక్రీటు గదిలో 35 హెర్ట్జ్ కింద గది తానే బేస్‌ను పైకి ఎత్తుతుంది. పోర్టు లేని సీల్డ్ సబ్ కింది ఫ్రీక్వెన్సీల్లో మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఆ రెండూ బాగా కుదురుతాయి. నా రెండు సీల్డ్ పదులు కాగితం మీద కనిపించే దానికంటే లోతుగా వినిపించడానికి కారణం ఇదే. హాలు, డైనింగ్, వంటగది అన్నీ కలిసి ఉన్న చోట ఈ సాయం దొరకదు. అక్కడ పోర్టెడ్ పన్నెండులు రెండు తీసుకోవాలి.

రెండు కొనేవాళ్లు ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి. డబ్బు ఇప్పుడే సరిపోకపోతే మంచిది ఒకటి కొని, రెండోది ఏడాదిలోపు తెచ్చుకోండి. ఆలస్యం చేస్తే ఆ మోడల్ ఆగిపోవచ్చు. రిసీవర్‌కు (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే పెట్టె) సబ్ అవుట్ ఒక్కటే ఉన్నా టెన్షన్ వద్దు. టీవీకి అటూ ఇటూ సమాన దూరంలో పెడుతున్నారు కాబట్టి ఒక సిగ్నల్‌ను రెండుగా చీల్చే వై కేబుల్ చాలు. ఒకటి ముందు, ఒకటి వెనక పెడితేనే రెండిటి శబ్దం సీటుకు ఒకేసారి చేరేలా ఆలస్యాన్ని (డిలే) విడివిడిగా సెట్ చేసే రిసీవరో, మినీడీఎస్పీ లాంటి పెట్టెనో కావాలి. రిసీవర్ మీద రెండు సబ్ అవుట్‌లు కనిపించినంత మాత్రాన అవి విడివిడివి అనుకోకండి. చాలా మోడళ్లలో లోపల ఒకే సిగ్నల్‌ను రెండుగా చీల్చి ఇస్తారు. రెండో సబ్ కలిపాక మొత్తం లెవెల్ తగ్గించడం మర్చిపోవద్దు, లేదంటే రెండు పెట్టాక ఇంకా మోత పెరిగిందని వెనక్కి ఇచ్చేస్తారు. ప్లగ్ పాయింట్ టీవీ యూనిట్‌కు రెండో వైపు కూడా ఉండాలి. ఇంటీరియర్ పని జరుగుతుంటే ఈ రోజే చెప్పి పెట్టించుకోండి.

ఇంకో లాభం ఉంది. మన ఓల్టేజీ హెచ్చుతగ్గులకు సబ్‌లో ముందు పోయేది లోపలి ఆంప్లిఫైయర్ బోర్డు. నా పాత సబ్ అలా పోయి సర్వీస్ సెంటర్‌లో రెండు నెలలు కూర్చుంది. రెండు ఉంటే ఒకటి రిపేరుకు వెళ్లినా ఇంకోటి మోగుతుంది.

పై ఫ్లోర్, కింది ఫ్లోర్ వాళ్ల సంగతిలో రెండిటికీ పెద్ద తేడా లేదు, స్లాబ్‌లోంచి వెళ్లే బేస్ వెళ్తూనే ఉంటుంది. ఒక పెద్దది, ఒక చిన్నది కలపడం నేను సిఫారసు చేయను, వాటిని కుదర్చడం కొలతల పరికరాలున్నవాళ్ల పని. ఎనిమిది అంగుళాలవి రెండంటే సినిమాలకు చాలవు. నాలుగు పెట్టేంత చోటున్నవాళ్లకు ఈ ప్రశ్నే రాదు.

కొనే ముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న సబ్‌ను ఒక మూల పెట్టండి. మీ గది వెడల్పుతో 565ని భాగించి, ఆ ఫ్రీక్వెన్సీ టోన్‌ను ఫోన్‌లోని టోన్ జనరేటర్ యాప్‌తో రిసీవర్ ద్వారా తక్కువ సౌండ్‌లో పెట్టండి. తర్వాత సోఫాలో ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా జరగండి. మధ్యలో శబ్దం మాయమై, చివరలకు వెళ్లేసరికి గుమ్మని వస్తే, మీ ఇంట్లో ఆ సోఫా నిండేదైతే, రెండు తీసుకోండి.