క్యాంపు, కొత్త ఊరు, సొంతూరు: బస్తర్ నిర్వాసితులకు ఏది మేలు?

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఉండేవాళ్లకి బస్తర్ నిర్వాసితుల సంగతి పేపర్లో చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. ఇటు గోదావరి దాటితే కాళేశ్వరం, అటు ఇంద్రావతి దాటితే భూపాలపట్నం, అంటే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. 2005 తర్వాత మావోయిస్టుల గొడవల్లో అక్కడి ఊళ్లు విడిచి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు వేలల్లో గోదావరి దాటి ఇప్పటి భద్రాద్రి, ములుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు, మిరపకాయలు ఏరే రోజుల్లో వాళ్లలో కొందరు మన చేలల్లోనూ కనిపిస్తారు. ఇప్పుడు వాళ్లని చూసి చాలామంది ఒకే మాట అంటున్నారు: "అక్కడ గొడవలు సద్దుమణిగాయి కదా, ఇంకా ఇక్కడెందుకు?"

అంత తేలిగ్గా తేలే విషయం కాదిది. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఇరవై ఏళ్లుగా ఎక్కడ బతుకుతున్నారో అక్కడే వాళ్లకి ఇంటి స్థలం, కాగితాలు ఇవ్వాలి, సొంతూరి భూమి మీద హక్కు కూడా చెరిగిపోకుండా చూడాలి. వెళ్తారా ఉంటారా అన్నది ఆ తర్వాత వాళ్లే తేల్చుకుంటారు.

మొదట క్యాంపుల సంగతి. 2005 జూన్‌లో, మావోయిస్టులకి ఎదురుగా ప్రభుత్వం అండతో నడిచిన సల్వాజుడుం మొదలయ్యాక కొందరు అన్నల (మావోయిస్టుల) భయంతో, చాలామంది జుడుం వాళ్లు తరిమితే రోడ్డు పక్క క్యాంపుల్లోకి వచ్చారు. దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా, భైరంగఢ్, ఇలా అన్నీ కలిపి దాదాపు 50 వేల మంది అని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. రేషన్ బియ్యం, తలదాచుకోడానికి ఓ కప్పు, దగ్గర్లో రోడ్డు, స్కూలు. సదుపాయాలే చూస్తే మిగతా రెండు దారులకన్నా ఇదే నయం అనిపిస్తుంది. కానీ క్యాంపులో ఉంటే జుడుం మనిషి, అడవిలో మిగిలిపోతే అన్నల మనిషి, ఈ రెండింటి మధ్య మామూలు మనిషిగా బతకడానికి చోటే లేకుండా పోయింది. క్యాంపు కుర్రాళ్లనే ఎస్పీవోలుగా, అంటే స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా, తీసుకుని తుపాకులిచ్చారు. 2006 జులైలో మావోయిస్టులు ఎర్రబోరు క్యాంపు మీద పడి 30 మందికి పైగా చంపారు, అందులో పసిపిల్లలూ ఉన్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఈ ఎస్పీవోల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చాక జుడుం కథ చట్టం దృష్టిలో ముగిసింది. ఊళ్లకి పోలేని కుటుంబాలు మాత్రం ఆ తర్వాత కూడా ఆ రోడ్డు పక్కనే ఉండిపోయాయి. సాయం చేసేవాళ్లే ఆ కొట్లాటలో ఒక పక్షమైతే, వాళ్లు పెట్టే బియ్యం తిన్నందుకు కూడా జనం ప్రాణాలతో లెక్క చెప్పాల్సి వస్తుంది. ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల సరిహద్దులో తిరిగి వైద్యం చేసిన ఎం.ఎస్.ఎఫ్. (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ) డాక్టర్లు ఎవరి పక్షమూ తీసుకోకుండా పనిచేశారు, సాయం అంటే నా దృష్టిలో అదీ.

ఇక గోదావరి దాటి వచ్చినవాళ్లు. వీళ్లకి ఎవరూ బియ్యం పోయలేదు. అడవి కొట్టి పోడు చేసుకున్నారు, మిరప చేలల్లో కూలికి వెళ్లారు, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు ఏరుకున్నారు. చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి, పిల్లలు తెలుగు బడిలో చదివారు. కష్టమంతా కాగితాల దగ్గరే. అసరెల్లి వైపు ఒక మిర్చి కల్లం దగ్గర, కాయల్లో తాలు వేరు చేస్తున్న ఒకామెతో మాట్లాడాను. చంటిపిల్లాడిని చంకనేసుకుని వచ్చిన మనిషి, ఆ పిల్లాడు ఇప్పుడు పది పాసై ఖాళీగా ఉన్నాడు. కులం సర్టిఫికెట్ అడిగితే తండ్రి ఊరి నుంచి తెచ్చుకోమన్నారట, ఆ ఊరి రికార్డుల్లో వీళ్ల పేరు దొరకట్లేదు. రవికె లోపలి నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి ఆధార్ కార్డు చూపించింది, నాలుగు మడతల కవర్, లోపల కార్డు మూలలు అరిగిపోయి ఉన్నాయి. "వాపస్ పోతవా అక్కా?" అంటే, "పోతే ఏమున్నదన్నా, చేనంతా చెట్లు మొలిచినయట. కానీ అది మా మామ చేను, అడిగేటోళ్లు లేరని ఇంకొకలకి రాసిస్తే ఎట్ల?" అంది. పోవాలని ఉందో లేదో ఆమెకే తెలియదు, చేను మాత్రం పోకూడదు. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ అటవీ శాఖ వైపు నుంచీ చూడాలి. పోడు పేరుతో అడవి తగ్గుతోందన్నది నిజమే, 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ని చంపేయడం ఎవరూ సమర్థించలేని ఘోరం. అయితే ఒకరిద్దరు చేసిన హత్యకి మొత్తం గూడేలని వెళ్లగొట్టమనడం ఏం న్యాయం? ఇంటి స్థలం, సాగుకి కొంత భూమి హద్దులు గీసి ఇస్తే అడవి కొట్టాల్సిన అవసరం తగ్గుతుంది. పట్టా లేనివాడిని ఒకచోట గుడిసె పీకేసి తరిమితే ఇంకోచోట మళ్లీ కొడతాడు, అడవికీ నష్టమే.

మూడోది సొంతూరికి వెళ్లడం. వినడానికి ఇంతకన్నా మంచి మాట లేదు. 2008లో గాంధేయవాది హిమాంశు కుమార్, ఆయన వనవాసీ చేతనా ఆశ్రమం వాళ్లు బస్తర్‌లోని నేంద్ర గ్రామంలో జనాన్ని మళ్లీ నిలబెట్టడానికి అక్కడే వాళ్లతో పాటు ఉండి ప్రయత్నించారు, ఆ మరుసటేడాది మే నెలలో దంతెవాడ దగ్గర ఆ ఆశ్రమాన్నే కూల్చేశారు. వెళ్లినవాడికి అండ ఎవరు అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1998లో ఐక్యరాజ్యసమితి చెప్పిన మార్గదర్శక సూత్రాల్లో 28వది చూడండి: నిర్వాసితులు తమ ఇష్టంతో, భద్రంగా, గౌరవంగా తిరిగి వెళ్లొచ్చు, లేదా దేశంలో ఇంకోచోట స్థిరపడొచ్చు, ఆ రెండింటికీ ఏర్పాట్లు చేయాల్సింది ప్రభుత్వమే. మన దేశంలో ఇలాంటి నిర్వాసితులకి ప్రత్యేక చట్టం లేదు కాబట్టి వెళ్లమని చెప్పేవాళ్లెవరూ ఏర్పాట్ల గురించి మాట్లాడరు.

ఇది కుదిరే పనేనా అంటారేమో. బ్రూ తెగవాళ్ల విషయంలో కుదిరింది. 1997లో మిజోరం నుంచి త్రిపురకి పారిపోయిన బ్రూలని వెనక్కి పంపాలని ఏళ్ల తరబడి చూశారు, ఎక్కువమంది వెళ్లలేదు, రేషన్ ఆపినా కదల్లేదు. చివరికి 2020 జనవరి 16న ఢిల్లీలో ఒప్పందం జరిగి సుమారు 34 వేల మందికి త్రిపురలోనే ఉండే హక్కు వచ్చింది: కుటుంబానికి ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్ల పాటు నెలకి 5 వేలు, రేషన్, ఓటు. మొత్తం 600 కోట్ల ప్యాకేజీ. బ్రూలకి ఇచ్చింది గుత్తికోయలకి ఎందుకు ఇవ్వకూడదో ఇంతవరకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు.

శాంతి ప్రయత్నాల్లోనూ వీళ్ల ఊసు ఉండదు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకీ మధ్య ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు కూర్చోబెట్టిన చర్చలు 2005 జనవరికల్లా తెగిపోయాయి. మావోయిస్టులు పట్టుకెళ్లిన మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణని 2011లో, సుక్మా కలెక్టర్‌ని మరుసటేడాది విడిపించడానికి ప్రొఫెసర్ హరగోపాల్ గారు వెళ్లి మాట్లాడారు, ఇద్దరూ క్షేమంగా వచ్చారు. ఒక కలెక్టర్ కోసం రోజుల్లో మాటలు కలిశాయి, ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయితే ఆ తొందర ఎవరికీ లేకపోయింది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ మన గడ్చిరోలిలోనే 60 మందితో కలిసి ఆయుధాలు అప్పగించారు. లొంగిపోయినవాళ్లకి రివార్డు, పునరావాసం ఉన్నాయి, ఉండాల్సిందే, తుపాకీ దించినవాడు బతకాలి. మరి తుపాకీ ముట్టకుండా రెండు వైపుల నుంచీ దెబ్బలు తిని పారిపోయిన కుటుంబానికి ఏ పథకం ఉంది?

2006 అటవీ హక్కుల చట్టంలో ఒక దారి ఉంది. సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం పునరావాసం లేకుండా అక్రమంగా ఖాళీ చేయించబడ్డ ఆదివాసులకి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఉంది, కాకపోతే అది 2005 డిసెంబర్ 13కి ముందు జరిగి ఉండాలి. జుడుం మొదలైన తొలి ఆరు నెలల్లో వచ్చినవాళ్లు ఇందులోకి వస్తారు. 2006లో, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ తేదీ నాటికి తమ చేలల్లోనే ఉన్నారు కాబట్టి ఆ చేల మీద సొంతూరి గ్రామసభలో హక్కు అడగొచ్చు. రుజువు కింద ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. ఆ పెద్దలు ఇప్పుడు అరవై, డెబ్బై దాటినవాళ్లు, ఎవరి చేను ఏ వాగు దాకానో, ఏ ఇప్పచెట్టు దగ్గర హద్దో వాళ్లకే గుర్తుంది. సిరొంచలోనూ చర్లలోనూ గోండీ, తెలుగు రెండూ వచ్చిన టీచర్లు, ఆశా అక్కలు ఎంతోమంది ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో గూడేలకి వెళ్లి ఆ పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాసి, పక్కన ఇంకో సాక్షి సంతకం, వేలిముద్ర తీసుకుంటే, ఉండేవాళ్లకైనా వెళ్లేవాళ్లకైనా ఆ కాగితం పనికొస్తుంది.