బీఎస్సీ మూడో సెమిస్టర్ కాంతిశాస్త్రం, ప్రయోగశాలతో సహా: ఒక సమీక్ష

ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ మూడో సెమిస్టర్‌లో నేను చదివిన కాంతిశాస్త్రం పేపరు గురించి, దానికి జోడించిన ప్రయోగశాల గురించి, ఇకపై చేరబోయేవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. వారానికి నాలుగు గంటల పాఠం, రెండు గంటల ప్రయోగం. కటకాలలో వచ్చే అబెరేషన్లతో (ప్రతిబింబ దోషాలతో) మొదలై వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం మీదుగా లేజర్లు, ఆప్టికల్ ఫైబర్ల వరకు ఐదు యూనిట్లు ఉంటాయి. పాఠం బాగుంది. ప్రయోగశాల అంతకంటే బాగుండేదే, కానీ ఒక పాత అలవాటు దాని విలువను తగ్గిస్తోంది.

ముందుగా న్యూటన్ వలయాల ప్రయోగం గురించి, అంటే కటకానికీ గాజు పలకకూ మధ్య ఏర్పడే వలయాల వ్యాసాలు కొలిచి సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కనుక్కునే ప్రయోగం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కోర్సు మొత్తంలో నాకు భౌతికశాస్త్రం నిజంగా అర్థమైన చోటు అదే. చీకటి గదిలో సోడియం దీపం వెలిగించగానే పసుపు కాంతి రాదు. మొదట ఎర్రగా మొదలై, లోపలి సోడియం వేడెక్కి ఆవిరయ్యే కొద్దీ కొన్ని నిమిషాలకు పసుపు రంగుకు తిరుగుతుంది. గాజు పలక మీద కుంభాకార కటకాన్ని ఉంచి మైక్రోస్కోప్‌లో చూస్తే నడుమ నల్లని చుక్క, చుట్టూ వలయాలు కనిపించాలి. పలక ఉపరితలం వద్ద పరావర్తనం చెందే కిరణానికి అదనంగా అర తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది కనుక నడిమి చుక్క నల్లగా ఉండాలని పాఠంలో చదివాం. నాకు మాత్రం అది వెలుగుగా కనిపించింది. అధ్యాపకురాలిని పిలిస్తే ఆమె, "మధ్యలో దుమ్ము ఉందమ్మా, తుడిచి మళ్లీ పెట్టు. కానీ దుమ్మున్నా లెక్క ఎందుకు చెడదో ముందు నాకు చెప్పు" అన్నారు. ఆ ప్రశ్నతో పావుగంట కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, దుమ్ము వల్ల కటకం పైకి లేచిన ఎత్తు అన్ని వలయాలకూ ఒకటే కనుక, రెండు వలయాల వ్యాసాల వర్గాలను ఒకదానిలోంచి ఒకటి తీసేసినప్పుడు ఆ ఎత్తు దానంతటదే పోతుంది. సూత్రంలో వర్గాల భేదం ఎందుకు ఉందో, పరీక్ష కోసం బట్టీ పట్టిన రోజుల్లో నాకు తట్టనేలేదు.

ఇక ఆ అలవాటు సంగతి. తరంగదైర్ఘ్యం లెక్కలో వాడే మా కటకం వక్రతా వ్యాసార్థం సుమారు 100 సెంటీమీటర్లు. దానిని మూడు కాళ్లు, మధ్యలో ఒక స్క్రూ ఉండే గోళమాపకంతో కొలవాలి. కాళ్ల మధ్య దూరం 4 సెంటీమీటర్లు అయితే మధ్య స్క్రూ లేచే ఎత్తు 0.27 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, పరికరం కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. అంటే ఒక్క విభాగం అటూ ఇటూ అయితే వ్యాసార్థంలోనూ, అందువల్ల తరంగదైర్ఘ్యంలోనూ దాదాపు 4 శాతం తేడా వస్తుంది. 20వ వలయం వ్యాసమే 7 మిల్లీమీటర్లకు లోపు; మైక్రోస్కోప్ స్క్రూను ఒకే దిశలో తిప్పుతూ ఎడమ నుంచి కుడికి పోకపోతే బ్యాక్‌లాష్ దోషం (తిప్పే దిశ మారినప్పుడు స్క్రూ వదులు వల్ల వచ్చే తేడా) దానికి తోడవుతుంది. ఇంత ఓపికగా చేసి నేను 5710 ఆంగ్‌స్ట్రామ్‌లు (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) తెచ్చాను. ఈ పరికరాలతో అది నిజాయితీ గల ఫలితమని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే రికార్డు దిద్దేటప్పుడు, సోడియం కాంతికి పుస్తకంలో ఉండే విలువ 5893 రాలేదన్న కారణంతో దానిని తిప్పి పంపారు. పక్క బల్ల మీద ప్రయోగం చేయకుండానే 5893 నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు నింపినవారికి పూర్తి మార్కులు పడ్డాయి. ఫలితంలో దోషం ఎంత, అది ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నకు రికార్డులో ఒక్క గడి కూడా లేకపోవడం నన్ను ఎంతో బాధించింది; ప్రయోగం నేర్పవలసిన అసలు విషయం అదే కదా.

కాంతి వంగే కోణాన్ని కొలిచే స్పెక్ట్రోమీటర్ ప్రయోగాలు ఇంతకంటే సంతృప్తినిచ్చాయి. పట్టకం కనిష్ఠ విచలన కోణం కనుక్కోవడం సులువే. గ్రేటింగ్ (సన్నని గీతలు దగ్గరదగ్గరగా గీసిన పలక) ప్రయోగంలో మాత్రం ఓపిక అవసరం. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్‌తో మొదటి క్రమంలో (నేరుగా వచ్చే కాంతికి పక్కన మొదట కనిపించే వర్ణపటంలో) సోడియం గీత 20 డిగ్రీలకు కాస్త పైన కనబడుతుంది, అదీ ఒకే గీతలా. టెలిస్కోప్‌ను 44 డిగ్రీల వరకు జరిపి, స్లిట్‌ను సన్నగా మూసి రెండో క్రమంలో చూస్తే, 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల జంట గీతలు విడిపోయి కనిపిస్తాయి; వాటి మధ్య కోణం మూడు నిమిషాలకు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) కొంచెం ఎక్కువ. మాన్యువల్‌లో మొదటి క్రమం వరకే చేయమని ఉంది. దయచేసి అక్కడ ఆగకండి.

పోలారిమీటర్‌తో చక్కెర ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని ఎంత తిప్పుతుందో కొలిచే ప్రయోగాన్ని ఆరుగురికి ఒక్క పరికరం కావడంతో హడావిడిగా ముగించాం, నేను చూసింది రెండే రీడింగులు. పాఠానికీ ప్రయోగానికీ పొంతన లేకపోవడం మరో లోపం: ధ్రువణం యూనిట్ మొదలు కాకముందే పోలారిమీటర్ మా వంతుకు వచ్చింది. లేజర్ల యూనిట్‌ను సెమిస్టర్ చివర పది రోజుల్లో లాగించేశారు. రామన్ శిష్యుడైన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనల గురించి ఆ సందర్భంలో ఒక్క గంటైనా కేటాయిస్తే, కాంతి పరిక్షేపణం (కాంతి చెదరడం) మీద పరిశోధన మన ఊళ్లలోనూ జరిగిన పని అని పిల్లలకు తెలిసేది.

ఈ పేపరు కోసం కళాశాలను ఎంచుకునేవారు చేరే ముందే చీకటి గదిని చూపించమని అడగండి. స్పెక్ట్రోమీటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, సోడియం దీపం వెలుగుతోందో లేదో చూడండి, వీలైతే పాత విద్యార్థి రికార్డు ఒకటి తెరిచి అందరి ఫలితమూ 5893 అనే ఉందేమో గమనించండి.